ఇథనాల్ ఫ్యాక్టరీ వస్తోంది, పత్తి మానేసి మక్క వేయమంటున్నారు: నమ్మొచ్చా?

ఖమ్మం_మక్క
అందరికీ నమస్కారం. మాది ఖమ్మం జిల్లా. సొంత భూమి కొంత, కౌలు కొంత. వానాకాలం పత్తి, యాసంగిలో మక్క వేస్తాం. పక్క మండలంలో ఇథనాల్ (పెట్రోలులో కలిపే ఆల్కహాల్) ఫ్యాక్టరీ కోసం భూములు చూస్తున్నారు. వచ్చినవాళ్లు ఊళ్లో మీటింగ్ పెట్టి, "ఇక మక్కలకు గిరాకీ తగ్గదు, పత్తి మానేసి రెండు పంటలూ మక్కే వేయండి" అని చెప్పి వెళ్లారు. అప్పటి నుంచి ఊరు రెండుగా చీలింది. ధర వస్తుందని కొందరు, వాగు పాడవుతుందని కొందరు.

నా అనుమానం వేరు. ఇథనాల్ వల్లే మక్క రేటు పెరిగిందని రెండేళ్లుగా వింటున్నాం. అది నిజమే అయితే 2025-26 సీజన్‌లో మద్దతు ధర క్వింటాకు 2400 ఉండగా వ్యాపారులు 1800, 1900 ఎందుకు అంటున్నారు? ఫ్యాక్టరీలు పెరిగాయి, ధర తగ్గింది. ఎక్కడ తేడా కొడుతోంది? తెలిసినవాళ్లు విడమరిచి చెప్పండి.

తణుకు_లేయర్స్
నమస్తే అండి. నేను కొనేవాడి వైపు నుంచి చెబుతాను. మాది లేయర్ కోళ్ల ఫారం. గుడ్డు ఖర్చులో మూడింట రెండు వంతులు దాణాదే. ఆ దాణాలో సగానికి పైగా మొక్కజొన్నే. దేశంలో పండే మొక్కజొన్నలో పెద్ద వాటా ఏళ్ల తరబడి కోళ్లకూ పశువులకూ వెళ్లేది.

2022-23లో మొక్కజొన్న నుంచి తీసిన ఇథనాల్ 31 కోట్ల లీటర్ల చిల్లర. మరుసటి ఏడాదే అది 286 కోట్ల లీటర్లయింది. టన్నుకు 380 లీటర్లు వస్తాయనుకుంటే 75 లక్షల టన్నుల గింజ ఒక్క ఏడాదిలో దాణా నుంచి పక్కకు పోయినట్టు. అంతకుముందు మొక్కజొన్నను ఎగుమతి చేసిన దేశం 2024లో మయన్మార్ నుంచీ ఉక్రెయిన్ నుంచీ దిగుమతి చేసుకోవలసి వచ్చింది. ఆ ఏడాది మా ప్రాంతంలో చిన్న ఫారాలు చాలా బ్యాచ్‌లు వేయడమే మానేశాయి. గుడ్డు రేటు మా చేతిలో ఉండదు కదండీ, దాణా రేటూ మా చేతిలో లేకపోతే ఎలా బతకాలి?

రైతుకు ధర రావాలని మేమూ కోరుకుంటాం. కానీ కోడి కడుపు, కారు ట్యాంకు ఒకే గింజ కోసం పోటీ పడితే కారుదే పైచేయి. దాని వెనక ప్రభుత్వం నిర్ణయించిన రేటు ఉంది, మా వెనక ఏమీ లేదు.

బట్టీ_ఇంజినీర్
నేను గింజల డిస్టిలరీలో ప్రాసెస్ ఇంజినీరుగా పనిచేస్తున్నాను, వేరే రాష్ట్రంలో. ఖమ్మం అన్నా, నీ ప్రశ్నకు లెక్కతోనే జవాబిస్తా.

క్వింటా మక్కకు 38 లీటర్ల ఇథనాల్ వస్తుంది. మొక్కజొన్న ఇథనాల్‌కు చమురు కంపెనీలు ఇచ్చే రేటు లీటరుకు 71.86. అంటే 2730 రూపాయలు. పిండి పదార్థం పులిసిపోయాక మిగిలేది డీడీజీఎస్, అంటే ఎండబెట్టిన మడ్డి. క్వింటాకు 30 కిలోల దాకా వస్తుంది. కిలో 15 అనుకుంటే ఇంకో 450. మొత్తం 3180. మద్దతు ధర 2400 పెట్టి కొంటే 780 మిగులుతుంది. బొగ్గు, ఎంజైములు, కరెంటు, జీతాలు, బ్యాంకు వడ్డీ అన్నీ అందులోంచే. కాబట్టి మక్క 2500 దాటితే ఫ్యాక్టరీకి ఊపిరాడదు. ధరకు పైకప్పు ఉంది. అది యార్డులో తేలేది కాదు, ఢిల్లీలో ఖరారయ్యే ఇథనాల్ రేటు.

ఇక ధర ఎందుకు పడిందంటే, రెండు కారణాలు. మొదటిది, రేటు చూసి రైతులంతా మక్క వేశారు. 2024-25లో దేశంలో దిగుబడి 4 కోట్ల టన్నులు దాటింది. రెండోది, పెట్రోలులో కలిపే ఇథనాల్ కొనేది చమురు కంపెనీలే. 2025-26 ఇథనాల్ సంవత్సరానికి వాళ్లకు కావలసింది 1050 కోట్ల లీటర్లు. డిస్టిలరీలు ఇస్తామన్నది 1776 కోట్ల లీటర్లు. మిగతా 700 కోట్ల లీటర్ల సామర్థ్యం ఖాళీగా కూర్చోవాల్సిందే. పెట్రోలులో 20 శాతం కలపాలన్న లక్ష్యం 2025లోనే అందుకున్నాం. కలిపే శాతం పెంచితే తప్ప కొత్త గిరాకీ లేదు. కొత్త ఫ్యాక్టరీకి ఆర్డరు ఎంత వస్తుందో ఆ మీటింగ్ పెట్టినవాళ్లను అడుగు.

అలాగని ఇథనాల్ దండగ అని నేను అనను. మనం వాడే ముడి చమురులో 85 శాతానికి పైగా బయటిదే. 2013-14లో పెట్రోలులో ఇథనాల్ ఒకటిన్నర శాతం. అక్కడి నుంచి 20కి చేరడమంటే లక్ష కోట్ల పైగా విదేశీ మారకం మిగిలిందని ప్రభుత్వం చెబుతోంది. ఆ డబ్బులో కొంతైనా గల్ఫ్‌కు పోకుండా పల్లెకు చేరింది. దాన్ని కొట్టిపారేయొద్దు.

మిర్యాల_బియ్యం
బట్టీ తమ్ముడు మక్క లెక్క బాగా చెప్పాడు. బియ్యం లెక్క నేను చెబుతా, మాది రైస్ మిల్లు.

యాసంగి వడ్లు ఎండలకు పగుళ్లిచ్చి మరలో నూక ఎక్కువ పోతాయి, అందుకే వాటిని ఉప్పుడు బియ్యంగా ఆడిస్తాం. 2021-22లో ఉప్పుడు బియ్యం కొనం అని కేంద్రం, కొనాల్సిందేనని రాష్ట్రం కొట్లాడుకున్నది అందుకే. ఆ నూకకు ఇథనాల్ మంచి దారి. దానితో నాకు పేచీ లేదు, పైగా సంతోషం.

కానీ ఇప్పుడు వెళ్తున్నది నూక ఒక్కటే కాదు. ఎఫ్‌సీఐ (భారత ఆహార సంస్థ) గోదాముల్లోని బియ్యం. 2023 జూలైలో ఆపేశారు, తర్వాత మళ్లీ తెరిచారు. 2025 జనవరిలో డిస్టిలరీలకు క్వింటా 2250కి ఇచ్చేలా రేటు తగ్గించారు. 2024-25కు 52 లక్షల టన్నులు కేటాయించారు. వడ్లు కొని, మర ఆడించి, గోదాములో దాచి, వడ్డీ కట్టి లెక్కేస్తే ఎఫ్‌సీఐకి కిలో బియ్యం దాదాపు 40 రూపాయలు పడుతుంది. అప్పుడు అమ్మింది 22.50కి. లీటరు ఇథనాల్‌కు 2.2 కిలోల బియ్యం కావాలి. అంటే లీటరుకు 38 రూపాయల దాకా ఖజానా భరించింది. చమురు కంపెనీ అప్పుడు ఇచ్చిన 58.50కి ఇది కలిపితే లీటరు 96 దాటింది. పెట్రోలుతో పోలిస్తే దానిలో శక్తి మూడింట రెండు వంతులే.

ఖమ్మం తమ్ముడూ, మక్క ధర పడటానికి ఇదీ ఒక కారణం. అంత చవగ్గా బియ్యం దొరుకుతుంటే ఫ్యాక్టరీ మక్క కోసం యార్డులో పోటీపడి పాడుకోదు. రెండూ వాడగలిగేలా కట్టిన ప్లాంట్లు చాలా ఉన్నాయి.

ఖమ్మం_మక్క
మిర్యాల అన్నా, ఇది మాకు ఎవరూ చెప్పలేదు. ఫ్యాక్టరీ పేరు చెబితే మక్కలే అనుకున్నాం. మా మీటింగ్‌లో బియ్యం మాటే రాలేదు.

యాక్టివా_నడిపేవాడు
ధరలు సరే, ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు) వచ్చాక బండి మైలేజీ పడిపోయింది. దీనికి ఎవరిని అడగాలి?

బట్టీ_ఇంజినీర్
మైలేజీ తగ్గడం నిజం. ఎంత అనేది బండిని బట్టి. 2021లో నీతి ఆయోగ్ ఇచ్చిన నివేదికలోనే ఉంది: పాత డిజైను కార్లలో 6-7 శాతం, టూవీలర్లలో 3-4 శాతం, ఈ20కి సర్దిన కార్లలో 1-2 శాతం. ఈ20 మీద వేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 1న కొట్టేసింది. మైలేజీ గురించి వేరే టాపిక్ ఉంది, అక్కడ మాట్లాడుకుందాం.

వాగు_ఒడ్డున
నేను డబ్బు లెక్కలు చెప్పలేను. ఫ్యాక్టరీ పక్క ఊళ్లో బతుకు ఎలా ఉంటుందో చెబుతా. మాదీ తెలంగాణే. ఊరి పేరు, ఫ్యాక్టరీ పేరు రాయను, కేసులు నడుస్తున్నాయి.

మొదట వచ్చేది వాసన. పులిసిన కల్లు, మాడిన గింజ కలిసిన వాసన. రాత్రిపూట గాలి ఆగితే ఊరి మీదే కూర్చుంటుంది. తర్వాత బాయిలర్ బూడిద. ఆరేసిన బట్టల మీద, మిరప కళ్లాల మీద. తర్వాత లారీలు. మా పిల్లలు బడికి పోయే రోడ్డు సింగిల్ రోడ్డు. చుక్క నీరు బయటికి రాదని కాగితం మీద రాసిచ్చారు. వాన పెద్దగా పడ్డ రోజు వాగు రంగు మారితే ఎవరిని నమ్మాలి? చేపలు తేలితే శాంపిల్ తీసుకోవడానికి అధికారులు వచ్చేసరికి వాగు మామూలుగా పారుతుంటుంది.

ఇంకో మాట. చాలామందికి తెలియదు. మామూలుగా ఇలాంటి పెద్ద ఫ్యాక్టరీకి ముందు ప్రజాభిప్రాయ సేకరణ ఉంటుంది. 2021 జూన్‌లో కేంద్ర పర్యావరణ శాఖ రూలు మార్చింది. పెట్రోలులో కలిపే ఇథనాల్ మాత్రమే తీసే గింజల ప్లాంట్లను, వ్యర్థ జలం బయటికి వదలబోమని రాసిస్తే, బీ2 కేటగిరీలో పెట్టింది. బీ2 అంటే బహిరంగ విచారణ అక్కర్లేదు. మా ఊళ్లో పునాదులు తవ్వాకే మాకు విషయం తెలిసింది.

నారాయణపేట జిల్లా చిత్తనూరులో 2023లో, నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో 2024 నవంబరులో, గద్వాల జిల్లా పెద్ద ధన్వాడలో 2025 జూన్‌లో జనం రోడ్డెక్కిన సంగతి మీరంతా చూశారు. దిలావర్‌పూర్‌లో కలెక్టర్ పనులు ఆపించారు. ఊళ్లు వేరు, జిల్లాలు వేరు, కానీ కోపం ఒకటే: మా ఊరి నీళ్లు, మా ఊరి గాలి, మమ్మల్ని అడగకుండానే లెక్కలో వేసుకున్నారని. పంజాబ్‌లోని జీరాలో నెలల తరబడి ధర్నా చేశాక 2023 జనవరిలో అక్కడి ముఖ్యమంత్రి ఫ్యాక్టరీని మూసేయమని ఆదేశించారు.

బట్టీ_ఇంజినీర్
వాగు_ఒడ్డున గారూ, మీ మాట కాదనను. సరిగ్గా నడిపితే గింజల ప్లాంటు మొలాసిస్ (చక్కెర తీశాక మిగిలే చిక్కటి పాకం) ప్లాంటంత మురికి కాదు. మొలాసిస్‌తో లీటరు ఆల్కహాల్‌కు 8 నుంచి 15 లీటర్ల స్పెంట్ వాష్ అనే మురికి నీరు వస్తుంది, అది భరించలేనిది. గింజల ప్లాంటులో మడ్డిని వడగట్టి, పలుచటి నీటిని మరిగించి చిక్కబరిచి, ఆరబెట్టి దాణాగా అమ్మేస్తాం. దానికి ఆవిరి చాలా కావాలి. ఆవిరంటే బొగ్గో ఊకో కాల్చాలి. ఆ ఖర్చు తప్పించుకోవడానికి ఆరబెట్టే యూనిట్ ఆపేసి తడి మడ్డిని అలాగే బయటికి పంపేవాళ్లు ఉంటారు. వాసన అక్కడి నుంచే. టెక్నాలజీ లేక కాదు, దాన్ని రోజూ నడిపించే నిఘా లేక.

వాగు_ఒడ్డున
నిఘా లేనప్పుడు టెక్నాలజీ ఉండి మాకేం లాభం సార్?

అయోవా_తెలుగు
నేను పదేళ్లకు పైగా అమెరికాలోని అయోవాలో ఉంటున్నా. ప్రపంచంలో మొక్కజొన్న ఇథనాల్‌కు గుండెకాయ లాంటి రాష్ట్రం ఇది. ఇక్కడ పండే మొక్కజొన్నలో సగానికి పైగా ఇథనాల్‌కే పోతుంది. 2005లో, మళ్లీ 2007లో చేసిన చట్టాలతో ఇంత కలపాల్సిందే అని నిర్బంధం పెట్టారు. ఇండియా ఇప్పుడు నడుస్తున్న దారి వీళ్లు ఇరవై ఏళ్ల కింద నడిచిందే కాబట్టి ఇక్కడ ఏమైందో చెబుతా.

రైతుకు మేలు జరిగింది. దాచాల్సిన పని లేదు. ధర పెరిగింది, దాంతోపాటు భూమి ధర, కౌలు కూడా పెరిగాయి. సొంత భూమి ఉన్నవాడు బాగుపడ్డాడు. కౌలుకు చేసేవాడి లాభం కౌలు రూపంలో భూస్వామికే పోయింది. ఖమ్మం అన్నా, మీకు కౌలు భూమి ఉందన్నారు కాబట్టి ఇది ముఖ్యం. రెండేళ్లు రేటు బాగుంటే మూడో ఏడు మీ కౌలు పెరుగుతుంది. రేటు పడ్డాక అది అంత తొందరగా దిగదు.

నీళ్ల సంగతి. ఏటా మొక్కజొన్న మీద మొక్కజొన్న వేస్తూ నత్రజని దంచితే మొక్క తీసుకోగా మిగిలింది నైట్రేట్‌గా నదిలోకి పోతుంది. 2025 జూన్‌లో మా డెమోయిన్ ప్రాంతంలో నదుల్లో నైట్రేట్ ఎంత పెరిగిందంటే, తాగునీటి సంస్థ శుద్ధి చేయలేక ఇళ్లలో లాన్లకు నీళ్లు పెట్టడం పూర్తిగా నిషేధించింది. ఇదే నైట్రేట్ మిసిసిపీ నది వెంట పోయి సముద్రంలో ప్రాణవాయువు లేని జోన్ తయారుచేస్తోంది. ఏటా వేసవిలో అక్కడ చేప బతకదు.

ఇక వాతావరణం. ఇక్కడ శాస్త్రవేత్తల్లోనే కొట్లాట. ఆర్గోన్ జాతీయ ప్రయోగశాల లెక్క ప్రకారం మొక్కజొన్న ఇథనాల్ ఉద్గారాలు పెట్రోలు కంటే 40 శాతానికి పైగా తక్కువ. 2022లో ఒక విశ్వవిద్యాలయ బృందం వేసిన లెక్క ప్రకారం పెట్రోలు కంటే తక్కువ కాకపోగా 24 శాతం ఎక్కువ కూడా కావచ్చు. ఇంత తేడా ఎందుకంటే, ఇథనాల్ కోసం కొత్తగా దున్నిన గడ్డి భూముల్లోంచి బయటపడ్డ కర్బనాన్ని ఎంత లెక్కించాలన్న దగ్గర. ఇల్లు కట్టిన ఖర్చు వదిలేసి కరెంటు బిల్లు మాత్రం చూపిస్తే ఎలా ఉంటుందో, భూమి మార్పు వదిలేసిన లెక్క నాకు అలా అనిపిస్తుంది.

ఖమ్మం_మక్క
అయోవా అన్నా, యూరియా మాట ఇక్కడా నిజమే. యాసంగి మక్కకు ఎకరానికి మూడు నాలుగు బస్తాలు పోతుంది. 2025 వానాకాలంలో యూరియా కోసం సొసైటీల ముందు చెప్పులు లైన్లో పెట్టి నిలబడ్డాం. పత్తికి, వరికి సరిపోకపోతే మక్కకు ఎక్కడి నుంచి తెస్తాం?

హరిత_హైదరాబాద్
మంచి ప్రశ్న అడిగారు. నేను పర్యావరణ ఇంజినీరింగ్ చదువుకున్నాను కాబట్టి ఆ యూరియా ముక్క పూర్తిచేస్తాను. వేసిన నత్రజనిలో కొంచెం నైట్రస్ ఆక్సైడ్‌గా గాలిలోకి పోతుంది. కొంచెమే అయినా అది బొగ్గుపులుసు గాలి కంటే దాదాపు 270 రెట్లు ఎక్కువ వేడి పుట్టిస్తుంది. యూరియా తయారీకే సహజవాయువు కావాలి, మన దేశంలో అందులో చాలా భాగం దిగుమతి. ముడి చమురు తగ్గిందని సంబరపడుతూ గ్యాసు, యూరియా ఎక్కువ తెచ్చుకుంటే విదేశీ మారకం లెక్క కూడా మారిపోతుంది. ఆదా చెప్పేటప్పుడు ఈ తీసివేత ఎవరూ చూపించరు.

నీళ్లకు నీతి ఆయోగ్ నివేదికలోని అంకె ఒకటే చాలు. చెరకు నుంచి లీటరు ఇథనాల్ తీయాలంటే 2860 లీటర్ల నీరు. బియ్యమైతే ఇంకా ఘోరం. కిలో బియ్యానికి 3000 లీటర్లు అనుకున్నా లీటరు ఇథనాల్‌కు 6600 లీటర్లు. తెలంగాణ యాసంగి వరి అంటే చాలా చోట్ల బోరు నీళ్లు, లేదా లిఫ్టుల్లో పైకి తోడిన గోదావరి నీళ్లు. రాష్ట్రం కట్టే కరెంటుతో తోడిన నీళ్లతో పండించి, కేంద్రం సబ్సిడీతో గోదాములో దాచి, చివరికి పెట్రోలులో కలుపుతున్నాం. మొక్కజొన్న ఈ విషయంలో వరి కంటే చాలా నయం, ఆ మాట ఒప్పుకోవాలి.

చెరకు_అనకాపల్లి
నీళ్లు ఎక్కువ తాగుతుందని చెరకును అందరూ తిడతారు. మా బాధ కూడా వినండి బాబూ. మా సహకార చక్కెర ఫ్యాక్టరీ బిల్లులు సకాలంలో ఇవ్వక ఎంతమంది చెరకు మానేసి సరుగుడు వేశారో. బోధన్‌లో నిజాం షుగర్స్ 2015 డిసెంబరులో మూతపడింది. మా వైపూ సహకార ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే మూలబడ్డాయి.

ఉత్తరప్రదేశ్‌లో పెద్ద పెద్ద ప్రైవేటు మిల్లులకు పక్కనే డిస్టిలరీలు. చక్కెర రేటు పడితే రసాన్ని ఇథనాల్‌కు మళ్లిస్తారు, డబ్బు త్వరగా వస్తుంది, రైతు బకాయిలు తీరుస్తారు. మా ఫ్యాక్టరీకి డిస్టిలరీ పెట్టే పెట్టుబడి ఎక్కడిది? ఇథనాల్ లాభం అంతా ముందే డబ్బున్న మిల్లుకు పోయింది. చిన్న సహకార మిల్లులకు అప్పు ఇప్పించి డిస్టిలరీ పెట్టించి ఉంటే మా జిల్లాలో చెరకు బతికేది. నేను ఇథనాల్‌కు వ్యతిరేకం కాదు. అది మా దాకా రాలేదనే నా గోడు.

పాలసీ నిలకడ సంగతి కూడా చూడండి. 2023 డిసెంబరులో వానలు తగ్గి చక్కెర కరువొస్తుందని చెరకు రసంతో ఇథనాల్ తీయొద్దని ఒక్క ఆదేశంతో ఆపారు. 2024 ఆగస్టులో మళ్లీ సరే అన్నారు. ఆ సందులోనే మొక్కజొన్నకు గిరాకీ వచ్చింది.

తణుకు_లేయర్స్
చెరకు బాబాయ్ చెప్పిందే అసలు కథ. చెరకు ఆగితే మొక్కజొన్న లేచింది, బియ్యం తెరిస్తే మొక్కజొన్న పడింది. మధ్యలో మా దాణా ఊగుతోంది.

డీడీజీఎస్ గురించి కూడా ఒక ముక్క. మడ్డి తిరిగి దాణాలోకే వస్తుంది కదా అంటారు. వస్తుంది, మేమూ వాడుతున్నాం. కానీ పిండి పదార్థం పోయి మాంసకృత్తులు మిగిలిన సరుకది. కోడికి శక్తినిచ్చే మొక్కజొన్నకు బదులు కాదు, సోయా చెక్కకు బదులు. గింజలో బూజు ఉంటే అఫ్లాటాక్సిన్ మడ్డిలో మూడింతలు పేరుకుంటుంది. చౌకగా వచ్చిందని ఎక్కువ కలిపితే గుడ్ల శాతం పడిపోతుంది. ఇంకో దెబ్బ సోయా రైతుకు. డీడీజీఎస్ మార్కెట్‌ను ముంచెత్తాక సోయా చెక్క రేటు పడింది, 2024-25 సీజన్‌లో సోయాబీన్ మద్దతు ధర 4892 కంటే కిందే అమ్ముడైంది. ఆదిలాబాద్ వైపు సోయా వేసేవాళ్లను అడగండి. ఒక పంటకు ఊపిరి పోయబోయి ఇంకో పంట గొంతు నొక్కాం.

కిరణ్_సోలార్
నాకు భూమి లెక్క ఒకటి చెప్పాలని ఉంది. ఎకరా మక్క 30 క్వింటాళ్లు అనుకుందాం. 1140 లీటర్ల ఇథనాల్. శక్తి పరంగా 750 లీటర్ల పెట్రోలుతో సమానం. లీటరుకు 15 కిలోమీటర్లు పోయే కారు 11 వేల కిలోమీటర్ల చిల్లర తిరుగుతుంది.

అదే ఎకరంలో సోలార్ పెడితే? మెగావాట్‌కు 5 ఎకరాలు, ఏడాదికి 15 లక్షల యూనిట్లు. ఎకరానికి 3 లక్షలు. ఎలక్ట్రిక్ కారు యూనిట్‌కు 6 కిలోమీటర్లు పోతే 18 లక్షల కిలోమీటర్లు. రెండు పంటలు వేసినా, మడ్డి విలువ కలిపినా ఈ తేడా పూడదు. పైగా సోలార్‌కు మాగాణి అక్కర్లేదు, రాళ్ల భూమి చాలు.

బట్టీ_ఇంజినీర్
కిరణ్ గారూ, లెక్క సరైనదే. కానీ రోడ్డు మీద ఉన్న కోట్ల పెట్రోలు బండ్లు రేపే ఎలక్ట్రిక్ కావు. సోలార్ పలక రైతు కూలీకి ఏడాది పొడుగునా పని ఇవ్వదు. ఈ మధ్య కాలానికి ఏదో ఒకటి కావాలి.

కిరణ్_సోలార్
మధ్య కాలానికి అంటే ఒప్పుకుంటా. అయితే ఇప్పుడు కట్టే ప్లాంటు అప్పు తీరడానికే ఏళ్లు పడుతుంది. అప్పటికి బండ్లు మారితే ఆ ప్లాంటు ఎవరి నెత్తిన పడుతుంది? బ్యాంకు, రైతు, ఊరు.

జైనూరు_మాస్టారు
నేను ఉమ్మడి ఆదిలాబాద్‌లో ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యాను. మన దగ్గర పంట కాని ఇంధనం కథ ఒకటి ఉంది, అది ఎవరూ చెప్పకపోతే బాధగా ఉంటుంది.

జైనూరు మండలంలో పవర్‌గూడ అనే చిన్న ఆదివాసీ గూడెం. అక్కడి మహిళా సంఘాలు కానుగ మొక్కలు నాటి, గింజలు ఏరి, నూనె గానుగ నడిపాయి. ఆ నూనె డీజిల్‌కు బదులు వాడటం వల్ల తగ్గే ఉద్గారాలకు 2003లో ప్రపంచ బ్యాంకు 147 టన్నుల లెక్కన 645 డాలర్లు చెల్లించింది. మొత్తం చిన్నదే. కానీ ఆ డబ్బు ఆడవాళ్ల సంఘం చేతికి వచ్చింది. కానుగకు మాగాణి అక్కర్లేదు, యూరియా అక్కర్లేదు, పశువు ముట్టదు. చెక్క మళ్లీ చేనుకు ఎరువు.

అదే సమయంలో దేశమంతా అడవి ఆముదం (జట్రోఫా) పిచ్చి పట్టింది. బంజరులో నీళ్లు లేకుండా కాస్తుందని 2003లో ప్రణాళికా సంఘం కమిటీ పెద్ద పథకం రాసింది. 2011-12కల్లా డీజిల్‌లో 20 శాతం కలపాలని. బంజరులో మొక్క బతికింది గానీ కాపు రాలేదు. నీళ్లు పెడితే కాసింది, కానీ నీళ్లున్న చోట రైతు వేరే పంట వేసుకుంటాడు కదా. నాటినవాళ్లు చివరికి పీకేశారు. ఇప్పుడు ఉమ్మడి ప్రకాశం జిల్లా కనిగిరి వైపు బంజరు భూముల్లో నేపియర్ గడ్డి పెంచి బయోగ్యాస్ తీసే ప్లాంటుకు 2025 ఏప్రిల్‌లో శంకుస్థాపన చేశారు. ఆలోచన మంచిదే, పేడ, గడ్డి పులిసి గ్యాసు వచ్చాక మిగిలే మడ్డి చేనుకు పనికొస్తుంది. అయితే నేపియర్ కూడా నీళ్లు అడిగే గడ్డే. ఆ ప్రాంతంలో తాగునీటికే ఎంత కష్టమో అందరికీ తెలుసు. పైగా బంజరు అని రాసిన భూమి మేకలకు, గొర్రెలకు మేత భూమి. గొల్లవాళ్లను అడిగి చేయాలి.

హరిత_హైదరాబాద్
మాస్టారూ, మీరు చెప్పాక నా వాదన నాకే స్పష్టమైంది. తినే గింజతో ఇంధనం ఒక పక్క, తినలేనిదానితో ఇంధనం ఇంకో పక్క. రెండింటికీ ఒకే పేరు పెట్టి ఒకే సబ్సిడీ ఇవ్వకూడదు. నూక, రంగు మారిన గింజ, మొలాసిస్, వరిగడ్డి, పేడ, ఊరి చెత్త, వీటికి ముందు ఇవ్వాలి. పానిపట్‌లో ఇండియన్ ఆయిల్ 2022 ఆగస్టులో మొదలుపెట్టిన ప్లాంటు ఏడాదికి 2 లక్షల టన్నుల వరిగడ్డితో రోజుకు లక్ష లీటర్ల ఇథనాల్ తీయడానికి కట్టింది. ఖర్చు ఎక్కువే. కానీ అక్కడి గడ్డి లేకపోతే తగలబడేది.

ఖమ్మం_మక్క
మేడమ్, గడ్డి మాట వచ్చింది కాబట్టి. పంజాబ్ వేరు, మా దగ్గర వేరు. వరిగడ్డి మాకు పశువుల మేత. కోత మిషన్ వచ్చాక గడ్డి నలిగిపోతోంది, కొందరు కాలబెడుతున్నారు, ఆ మాట నిజం. కట్టలు కట్టే మిషన్ దొరికితే కాలబెట్టరు. ఫ్యాక్టరీ మొత్తం కొనేస్తే పాడి ఉన్నవాళ్లకు గడ్డి రేటు పెరుగుతుంది.

మిర్యాల_బియ్యం
ఊక విషయంలో అదే జరిగింది. ఒకప్పుడు మిల్లు వెనక గుట్టలు గుట్టలుగా పోసి పారేసేవాళ్లం. ఊకతో కరెంటు తీసే ప్లాంట్లు, ఇటుక బట్టీలు, బాయిలర్లు అన్నీ కొనడం మొదలుపెట్టాక రేటొచ్చింది. మాకు మంచిదే. కానీ ఊక చవక అని లెక్కేసుకుని కట్టిన కరెంటు ప్లాంట్లలో కొన్ని ఆ రేటుకు తట్టుకోలేక ఆగిపోయాయి. వ్యర్థం అనేది ఎవరూ కొననంతవరకే వ్యర్థం. పానిపట్ గడ్డికీ ఇది వర్తిస్తుంది.

ఖమ్మం_మక్క
అందరికీ ధన్యవాదాలు. ఇంట్లో కూర్చుని మాట్లాడుకున్నాం. పత్తి పూర్తిగా మానడం లేదు. మక్క వేసేది యాసంగిలోనే, మధ్యలో కొంత భాగంలో పెసర వేసి నేలకు ఊపిరి ఇద్దామని నాన్న అంటున్నాడు. ఫ్యాక్టరీ వాళ్లు కొంటామని చెప్పే మాట కాగితం మీద పెడతారా, రేటు, తేమ శాతం, డబ్బులిచ్చే గడువు రాస్తారా అని మళ్లీ మీటింగ్‌లో అడుగుతాం. రాయకపోతే నాకు వాళ్లు ఇంకో అడ్తిదారు కిందే లెక్క. వాగు సంగతి తేల్చుకోవడం ఎలాగో తెలియడం లేదు. బహిరంగ విచారణే లేదంటే మేం ఎక్కడ అడగాలి?

వాగు_ఒడ్డున
తమ్ముడూ, ఆలస్యం చేయకండి. మేం ఆలస్యంగా మేల్కొన్నాం. కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ వెబ్‌సైట్‌లో మీ జిల్లా పేరుతో వెతకండి. ఫ్యాక్టరీ పెట్టిన దరఖాస్తు, రోజుకు ఎన్ని వేల లీటర్లు తీస్తారో, నీళ్లు ఎక్కడి నుంచి తెస్తారో, బాయిలర్‌లో ఏం కాలుస్తారో అందులో ఉంటుంది. ముడి సరుకు గడి తప్పకుండా చూడండి: మక్క అని రాశారా, బియ్యం, నూక అని కూడా రాశారా. ఆ కాగితాలు ప్రింటు తీసి గ్రామసభలో చదివించి, తీర్మానం రాయించి, కలెక్టర్‌కూ కాలుష్య నియంత్రణ మండలికీ రసీదు తీసుకుని ఇవ్వండి. ఇప్పుడే మీ వాగు నీళ్లు, చుట్టుపక్కల బోర్ల నీళ్లు ల్యాబులో పరీక్ష చేయించి రిపోర్టు దగ్గర పెట్టుకోండి. రేపు నీళ్లు చెడితే, ముందు ఇలా ఉండేవని చూపించడానికి మా దగ్గర ఒక్క కాగితం కూడా లేకపోయింది.

ఖమ్మం_మక్క
ఇప్పుడే వెతికాం అన్నా, దరఖాస్తు దొరికింది. ముడి సరుకు గడిలో మక్కలతో పాటు బియ్యం, నూక కూడా రాసి ఉన్నాయి. నీళ్లు మా వాగు నుంచే. ఆదివారం గ్రామసభ పెట్టమని సర్పంచ్‌ను అడిగాం. బట్టీ అన్నా, మిర్యాల అన్నా, ఆ లెక్కలు మీ పేర్లు లేకుండా అక్కడ చదివి వినిపించొచ్చా?

మిర్యాల_బియ్యం
చదువు తమ్ముడూ. ఎఫ్‌సీఐ రేటు ఏటా మారుతుంటుంది, చదివే ముందు ఈ ఏడాది రేటు ఒకసారి చూసుకో.

బట్టీ_ఇంజినీర్
నావీ చదువు. చమురు కంపెనీల నుంచి ఆ ఫ్యాక్టరీకి ఎంత ఆర్డరు వస్తుందన్న ప్రశ్న మాత్రం వదలొద్దు.